1878 నెల్లూరులో రహస్య పరిశోధక సంస్థ: అడిగే హక్కు లేని మనుషుల కథ

అమ్మా, ముందు మీ ప్రశ్న ఒకసారి మళ్లీ చెప్పుకుంటాను, కొత్తగా చదివేవాళ్లకు కూడా సంగతి తెలుస్తుంది. మీది కందుకూరు. 1878లో, ధాత కరువు దెబ్బ నుంచి జనం ఇంకా తేరుకోని రోజుల్లో, నెల్లూరులో ఒక రహస్య పరిశోధక సంస్థ ఉన్నట్టు ఊహించి చారిత్రక నవల రాస్తున్నారు. సముద్రపు ఒడ్డున కాలువ తవ్వకానికి కూలికొచ్చిన మనిషి ఒకడు మాయమవుతాడు. అతని జాడ తియ్యడమే కథ. నాలుగు అధ్యాయాలు పెట్టి, "సంస్థ నమ్మేట్టు ఉందా? ఎక్కడ తేలిపోతోంది?" అని అడిగారు.

నేను నెల్లూరు, కందుకూరు, ఒంగోలు క్రిమినల్ కోర్టుల్లో 31 ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. సాక్షులు చెప్పేది వినడం, పంచనామాలు చదవడం, ఏ మాట నిలబడుతుందో ఏ మాట కూలిపోతుందో చూడడం, అదే నా చదువు. రిటైరయ్యాక ఈ ప్రాంతపు పాత సంగతులు వెతుక్కుని చదువుతున్నాను. మీ అధ్యాయాలు రెండుసార్లు చదివాను. మాయమైన మనిషి కథ నన్ను పట్టేసింది. సంస్థ మాత్రం నిలబడలేదు.

మీ సంస్థకు ముందు పుస్తకాల కొట్టు, వెనక రహస్యపు గది, గదిలో బల్ల, బల్ల ముందు కూర్చుని గోడు చెప్పుకునే కక్షిదారులు ఉన్నారు. అది పింకర్టన్ పద్ధతి. అలన్ పింకర్టన్ 1850లో చికాగోలో పెట్టిన ప్రైవేటు పరిశోధక సంస్థకు అది సరిపోయింది. అక్కడ డబ్బిచ్చేందుకు రైలు కంపెనీలున్నాయి, ఊరి నిండా ఒకరికొకరు తెలియని జనం ఉన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ప్రశ్న అడిగినా ఎవరూ వింతగా చూడరు. మన వైపు కొత్త మనిషి ఊళ్లో అడుగుపెడితే ముందు అతనికే ప్రశ్నలు పడతాయి. "ఎవురు బా నువ్వు? యాడి నించి వస్తుండావు? ఎవురింటికి?" వాటికి జవాబు చెప్పేలోపు రచ్చబండ దగ్గర సగం ఊరు చేరుతుంది. పొద్దుగూకేసరికి పక్క ఊరికి కూడా కబురు పోతుంది.

మీ రెండో అధ్యాయంలో నాయకుడు కొత్తపట్నం పోయి ఆరుగురిని ప్రశ్నలడుగుతాడు, ఆరుగురూ జవాబు చెప్తారు. నా మనసు అక్కడే ఆగిపోయింది. అడిగే హక్కు తాసీల్దారుకు ఉంది, ఊరి మునసబుకు ఉంది, కరణానికి ఉంది, కనిష్టీబుకు, అంటే పోలీసు కానిస్టేబులుకు, ఉంది. రహస్య సంస్థ మనిషికి ఆ హక్కెక్కడిది? తను ఫలానా అని చెప్పుకుంటే రహస్యం పోతుంది, చెప్పుకోకపోతే ఎవడూ నోరు విప్పడు. మీ నవల మొత్తం ఈ ఇరకాటం మీద నిలబడాలని నా అభిప్రాయం. సంస్థలో ప్రతి మనిషికీ ఒక పని ఉండాలి. ఆ పని చేసుకుంటూ ఉండగానే, ఎవరినీ ఏమీ అడగకుండానే, అతని కంటికి మాత్రమే ఒక ఆనవాలు కనబడాలి. అప్పుడు వృత్తి మారువేషంలా ఉండదు, పరిశోధన పద్ధతే అవుతుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వేగులవాళ్ల పట్టిక చూడండి. వర్తకుడు, సేద్యగాడు, తాపసి, బిచ్చమెత్తే సన్యాసిని, అందరూ ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లే. ఒకరి సంగతి ఒకరికి తెలియకూడదు. ముగ్గురు వేరువేరుగా తెచ్చిన మాట ఒకటైతేనే నమ్మాలి. ఈ ఒక్క నియమం మీ సంస్థకు పెడితే చాలు, కథ దానంతటదే బిగుస్తుంది. మూడో మనిషి మాట కలవకపోవడమే ఒక అధ్యాయం.

పనులంటే ఏ పనులు? నాకు బాగా ఇష్టమైన దానితో మొదలుపెడతాను, చాకలి. చాకలి ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేర్చడానికి అంచు మూల నల్లజీడి రసంతో చిన్న గుర్తు పెడతాడు. ఎన్ని ఉతుకులైనా ఆ నలుపు పోదు. ఎవరి గుర్తులు వాళ్లవే. మాసిపోయిన బట్ట మీది గుర్తు పట్టుకుని చచ్చినవాడి ఊరూ పేరూ తేల్చడం మన దేశపు పోలీసులు చాలాకాలం చేసిన పనే. ఇప్పుడు మీ కథలోకి తెచ్చుకోండి. కాలువ ఒడ్డున కరువు కూలి శవం దొరికింది. ఒంటి మీద చినిగిన పంచె. అందరూ దిక్కులేని కూలి అనుకున్నారు. సంస్థలోని చాకలి ఆ పంచె మూల తిప్పి చూస్తాడు, జీడి గుర్తు ఉంది. కరువు కూలికొచ్చినవాడు బట్టలు చాకలికి వేస్తాడా? అంటే చచ్చినవాడు కూలి కాదు, లేదా ఆ పంచె అతనిది కాదు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కథ మలుపు తిరిగింది.

తర్వాత పూటకూళ్లమ్మ. ట్రంకురోడ్డు మీద బాటసారులకు అన్నం పెట్టే మనిషి కన్నా కబుర్లు ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరుంటారు? కానీ ఆమెను కబుర్లకు మాత్రమే వాడుకోవద్దు, ఆమె చేతికి వంట తెలుసు. ఆ కాలంలో బాటసారుల అన్నంలో ఉమ్మెత్త గింజలు కలిపి స్పృహ తప్పించి దోచుకునేవాళ్లు ఉండేవారు. ఉమ్మెత్త గింజ చూడ్డానికి మిరపగింజ లాగే ఉంటుంది. మన వైపు కూర కారంగా, గింజలతో ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నలిపి నాలిక మీద పెడితే మిరపగింజ మండుతుంది, ఉమ్మెత్త చేదెక్కుతుంది. పొయ్యి దగ్గర ముప్పయ్యేళ్లు గడిపిన మనిషి ఎంగిలాకు మీద మిగిలిన గింజల్లో రెండు వేరుగా ఉన్నాయని గుర్తు పడితే పాఠకుడు కళ్లు మూసుకుని నమ్ముతాడు.

ఇక పడవ నడిపేవాడు, కరణం దగ్గర లెక్కలు నకలు రాసే కుర్రాడు. వీళ్ల గురించి మీరే బాగా రాశారు. పడవ మనిషి ఏ రేవు దగ్గర ఎవరు దిగారో చూస్తాడు, కుర్రాడు ఏ పేరు మీద ఏ భూమి మారిందో చూస్తాడు. ఒక్క సవరణ: ఆ కుర్రాడు కాగితం దొంగిలించి తీసుకురాకూడదు, చూసింది గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పాలి. ఆ లెక్క ఒక పూట కనబడకపోతే కరణం ఊరుకోడు.

ఇప్పుడు అసలు ప్రశ్న, వీళ్లకు తిండి ఎవరు పెడతారు? మీ నవలలో "ఒక అజ్ఞాత దాత" అని దాటేశారు. దీన్ని దాటెయ్యొద్దు, నవలకు గుండెకాయ ఇక్కడే ఉంది. మన జిల్లాలోనే కావలి అని ఊరుంది, పేరులోనే కాపలా ఉంది. కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, రాకముందు నుంచీ ఈ ప్రాంతంలో కావలి పద్ధతి నడిచేది. ఊరికి కాపలా కాసేవాడికి పంటలో భాగం ముట్టేది. దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవాలి, తేలేకపోతే నష్టం తనే కట్టుకోవాలి. జాడ తియ్యడం వాళ్లకు కూటి విద్య. 1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు కుంపిణీ చేతికి వచ్చాక క్రమంగా ఆ హక్కులు పోయాయి. 1816 రెగ్యులేషన్‌తో ఊరి పోలీసు పని మునసబుకు, తలారికి అప్పగించారు. 1859 చట్టంతో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) జిల్లాలకు యూనిఫాం పోలీసు వచ్చింది.

అంటే 1878 నాటికి కావలి హక్కు పోయిన ఇంట్లో మూడో తరం బతుకుతూ ఉంటుంది. హక్కు పోయింది, విద్య పోలేదు. తాత అడుగుజాడలు చదివేవాడు, మనవడికి అది వచ్చు. సర్కారు వాళ్లను గుర్తించదు, ఊరు మాత్రం పోయిన ఎద్దు కోసం ఇప్పటికీ వాళ్ల గడపే తొక్కుతుంది, కళ్లంలో చాటుగా మేర, అంటే వాళ్ల పంట భాగం, కొలుస్తుంది. ఇదీ మీ రహస్య సంస్థ. చికాగో దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు కరువు పెట్టండి. వరసగా పంట లేదు. పంట లేకపోతే కళ్లం లేదు, కళ్లం లేకపోతే మేర లేదు. సంస్థ మనుషులే పస్తులుంటున్నారు. అప్పుడు ధాన్యపు వర్తకుడొకడు వచ్చి, "నా గాదెలకు కన్నం వేస్తున్నదెవరో కనుక్కోండి, గింజలు నేనిస్తాను" అంటాడు. ఒప్పుకుంటారా? ఒప్పుకున్నాక, మాయమైన కూలి జాడ ఆ వర్తకుడి గాదె దగ్గరికే చేరితే? పిల్లల నోట్లో ముద్ద ఎవరిదో తెలిసిన మనిషి నిజం చెప్పగలడా? ఇది రాయండమ్మా. హంతకుడెవరన్న ప్రశ్న కన్నా ఇది పాఠకుణ్ణి ఎక్కువసేపు పట్టి కూర్చోబెడుతుంది.

కరువు శిబిరం మీ నవలకు దొరికిన వరం. కాలువ పనిలో వేల మంది కూలీలు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని పెట్టాడు. ఊళ్లు వదిలి వచ్చిన జనం, ఒకరినొకరు ఎరగనివాళ్లు. ఇందాక నేను చెప్పిన "ఎవురు బా నువ్వు" అనే ప్రశ్న పని చెయ్యని చోటు మన జిల్లా చరిత్రలో ఏదైనా ఉందంటే అదే. హంతకుడికి అంతకన్నా మంచి చోటు దొరకదు, మీ పరిశోధకులకు అంతకన్నా కష్టమైన చోటూ దొరకదు. దానికి తోడు కలరా. పాషాణం (ఆర్సెనిక్ విషం) పెడితే కూడా వాంతులు, విరేచనాలే. కలరా రోజుల్లో ఆ చావును ఎవరు అనుమానిస్తారు? ఇక్కడ మీకొక మంచి కబురు. మద్రాసులో రసాయన పరీక్షకుడి ప్రయోగశాల 1849 నుంచే ఉంది. పాషాణాన్ని పట్టే మార్ష్ పరీక్ష 1836 నాటిది. అందుకని 1878లో విషపరీక్ష చేయించడానికి మీరు భయపడనక్కర్లేదు. మృతుడి పేగులు సీసాలో పెట్టి మద్రాసు దాకా పంపించడం, అది దారిలో చెడకుండా, ఎవరూ మార్చకుండా చేరడం, ఆ ప్రయాణమే ఒక అధ్యాయానికి సరిపోతుంది.

క్లౌ దొర ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మీ మాయమైన మనిషి ఆ గుంపులో కొత్త పేరుతో కనబడే దృశ్యం నాకు కళ్లకు కట్టింది. కానీ ఆ రోజు నదిలో దిగిన జనానికి అది బతుకు మారిన రోజు. దాన్ని నేరస్తుడు దాక్కునే చాటుగా మాత్రమే చూపించకండి. వాళ్ల మనవలు, మునిమనవలు మీ నవల చదువుతారు.

అదే జాగ్రత్త ఎరుకల వాళ్ల విషయంలోనూ. మీ మూడో అధ్యాయంలో దొంగతనం అనగానే ఎరుకల గుడిసెల మీద పడ్డారు. 1871 నేరస్త జాతుల చట్టం మద్రాసు రాజధానికి 1911లో వచ్చింది. కావలి, స్టూవర్టుపురం సెటిల్‌మెంట్లు ఆ తర్వాతి సంగతి. 1878లో వాళ్లు ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగే మనుషులు. మీ సంస్థలో ఒక ఎరుకల సోదెమ్మను పెట్టండి. ఏ ఇంటి వసారాలోనైనా కూర్చోగల మనిషి, ఆడవాళ్లు మనసు విప్పి చెప్పుకునే మనిషి. అడిగే హక్కు ఊరంతా చేతులెత్తి ఇచ్చింది ఒక్క ఆమెకే!

కాలం తప్పులు కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. 1878లో ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు, కందుకూరు, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాకు పోయింది, ఇప్పటి జిల్లా 1970లో ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు మీ నాయకుడు రాత్రి రైలెక్కాడు, గూడూరు నుంచి బెజవాడ దాకా రైలు పడింది 1899లో. సవారీ బండి ఎక్కించండి, లేదా కాలువ పడవ. బెదిరింపు కార్డు ముక్క మీద వచ్చింది, పోస్టుకార్డులు మొదలైంది 1879 జూలైలో. కవరు మీద అర్ధణా బిళ్ల అంటించండి. వేలిముద్రల కేంద్రం కలకత్తాలో 1897లో వచ్చింది, మద్రాసు సి.ఐ.డి. 1906లో. కాలువకు బకింగ్‌హాం పేరు కూడా ఆ కరువు పని తర్వాత గవర్నరు పేరు మీద 1878లోనే పెట్టారు. కాబట్టి మీ కూలీల నోట "బకింగ్‌హాం" పలికించొద్దు, "కాలవ" అంటే చాలు.

ముగింపు మాత్రం పూర్తిగా మార్చాలి. హంతకుడు ఇన్‌స్పెక్టరు ముందు, పదిమంది చూస్తుండగా నేరం ఒప్పుకుంటాడు, కథ అయిపోతుంది. కోర్టులో ఆ ఒప్పుకోలుకు విలువ లేదమ్మా. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. హింస పెట్టి ఒప్పించడం ఎంత మామూలైపోయిందో మద్రాసు చిత్రహింసల కమిషన్ 1855లోనే బయటపెట్టింది. అయితే దాని పక్కనే 27వ సెక్షన్ ఉంది. ముద్దాయి చెప్పిన మాటను పట్టుకుని పోతే వస్తువు దొరికినప్పుడు, ఆ వస్తువుకు సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. నేను కోర్టులో ఉన్నంతకాలం ఎన్ని కేసులు ఈ ఒక్క సెక్షన్ మీద నిలిచాయో! ఆ చట్టం స్థానంలో ఇప్పుడు వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ సూత్రం ఉంది. అందుకని హంతకుడి నోటి మాట కన్నా చింతచెట్టు మొదట్లో తవ్వితే బయటపడిన కడియం గొప్ప ముగింపు. మీ సంస్థ మనుషులు కోర్టుకు రాలేరు కాబట్టి ఆ చెట్టు దాకా కనిష్టీబును ఎలా నడిపించారన్నదే మీ చివరి అధ్యాయం.

ఇంకొకటి, గడియారం. మీ సాక్షులందరూ "పదిన్నరకు", "పావు తక్కువ పన్నెండుకు" అంటున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక గొడ్ల కాపరి సాక్ష్యం విన్నాను. ఎన్ని గంటలకు చూశావని వకీలు అడిగితే, "గొర్రుకొయ్యలు నడినెత్తికొచ్చుండాయి" అన్నాడు. గొర్రుకొయ్యలంటే మృగశిర దగ్గర వరసగా కనబడే మూడు చుక్కలు. వకీలు గంటలు చెప్పమని గదమాయించాడు. జడ్జిగారు ఆపి, అతను చెప్పింది చెప్పినట్టు రాయించారు. అది పుష్యమాసం, ఆ చుక్కలు నడినెత్తికి వచ్చేది నడిరేయికి కాస్త అటూ ఇటూ, కాపరి మాట సరిపోయింది. ఆ రోజు నుంచి పల్లెటూరి సాక్షి కాలం చెప్పే తీరు మీద నాకు గౌరవం పెరిగింది.

ఇది మీరు తిప్పి వాడుకోవచ్చు. మీ హత్య జరిగింది ఆరుద్ర కార్తెలో. అబద్ధపు సాక్షి ఒకడు, పట్నంలో పెరిగినవాడు, ఎవరో నేర్పిన మాట పట్టుకుని, "నడిరేయి, గొర్రుకొయ్యలు నెత్తిమీద ఉన్నాయి" అంటాడు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో సూర్యుడు ఆ చుక్కల దగ్గరే ఉంటాడు. నడిరేయి అవి మన నెత్తిమీద ఉండే ప్రశ్నే లేదు. వాన కోసం రోజూ ఆకాశం చూస్తున్న రైతు ఒక్కడు వింటే చాలు, వాడి అబద్ధం బయటపడుతుంది. ఇంగ్లీషు జడ్జికి తెలియదు, పట్నం వకీలుకు తెలియదు. సంస్థలో ముసలాయనకు తెలుసు. కరువు నవలలో ఆకాశం చూసే మనిషే నిజం పట్టుకోవడం కథకు ఎంత అందమో ఆలోచించండి.

సంస్థకు పేరు కూడా అడిగారు. మీరు పెట్టిన ఇంగ్లీషు పేరు తీసెయ్యండి. అలాంటి మనుషులు తమకొక పేరు పెట్టుకోరు, ఊరే పెడుతుంది. తప్పదంటే "వేగు" అన్న మాట ఉంది. గూఢచారి తెచ్చే కబురూ వేగే, తెల్లవారడమూ వేగడమే.

సంస్థకు ఒక పాత కథ కావాలంటే 1839 ఉదయగిరి చూడండి. కర్నూలు నవాబుతో కలిసి కుంపిణీ మీద కుట్ర చేశాడన్న అభియోగం మీద అక్కడి జాగీర్దారు జాగీరు పోగొట్టుకున్నాడు. ఆ కుట్ర కూపీ లాగింది నెల్లూరు అధికారులు. వాళ్లకు కబురు మోసిన ఊరి మనుషులెవరన్నది మీ ఊహకు వదిలేసిన చోటు. ముసలాయన చిన్నతనంలో తండ్రి చెయ్యి పట్టుకుని ఆ కబురు వెంట నడిచి ఉంటే, కబురు మోసినందుకు ఊరు వాళ్లను వెలివేసి ఉంటే, 1878లో అతను నిజం చెప్పడానికి ఎందుకు వెనకాడుతున్నాడో మీరు వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి అధ్యాయం జోలికి ఇప్పుడే పోకండి. రెండోది పక్కన పెట్టి, చాకిరేవు దగ్గర తడి పంచె మూల తిప్పి చూస్తున్న మనిషితో కొత్తగా మొదలుపెట్టండి. అతను ఎవరినీ ఏమీ అడక్కుండా ఆ అధ్యాయం ముగియాలి. రాశాక ఇక్కడే పెట్టండి, నేను చూస్తాను.